గోదావరి డెల్టాలో హైస్కూలు పిల్లలకు మూడు రోజుల ఆరుబయట శిబిరం: తేదీ ఖరారు నుంచి చివరి లెక్క దాకా

పిల్లల్ని బస్సెక్కించి, బ్యారేజీ చూపించి, పులిహోర పెట్టి చీకటి పడకముందే ఇంటికి చేర్చేది విహారయాత్ర. అది మంచిదే కానీ ఇక్కడ చెప్పబోయేది వేరు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు 24 మంది, మూడు పగళ్లు, రెండు రాత్రులు. ఏ దారిన వెళ్లాలి, ఎక్కడ ఆగాలి, వెనకబడ్డవాడి బరువు ఎవరు మోయాలి, ఉన్న నీళ్లు ఎలా పంచుకోవాలి లాంటివి పిల్లలే తేల్చుకోవాలి. నాయకత్వం గురించి గంటసేపు ఉపన్యాసం ఇస్తే వాళ్లకు అబ్బేది ఏమీ లేదు. నిజమైన నిర్ణయం ఒకటి చేతిలో పెట్టి, దాని ఫలితం అనుభవించనిచ్చి, సాయంత్రం దాని గురించి మాట్లాడిస్తేనే అబ్బుతుంది.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1941లో వేల్స్ తీరంలో అబెర్‌డోవీ దగ్గర విద్యావేత్త కుర్ట్ హాన్, ఓడల యజమాని లారెన్స్ హోల్ట్ మొదలుపెట్టిన అవుట్‌వర్డ్ బౌండ్ అనే శిక్షణ సంస్థ, ఓడల మీద పనిచేసే కుర్రవాళ్లకు ఇలాంటి శిక్షణే ఇచ్చింది. ఆరేడుగురిని ఒక జట్టుగా చేసి బాధ్యత అప్పగించడం స్కౌట్ల దగ్గర అంతకుముందు నుంచే ఉంది. మన దగ్గర ఎన్‌సీసీ, స్కౌట్స్ అండ్ గైడ్స్ ఉన్న స్కూళ్లకు సగం పని తేలికవుతుంది, లేని స్కూళ్లు కూడా చేసుకోవచ్చు. కొండలు లేవు కదా, డెల్టాలో ఏం శిబిరం అనుకోవద్దు. ఏటిగట్లు, లాకులు, రేవులు, లంకలు, మడ అడవి: ఇన్ని ఒకేచోట దొరికే నేల మరొకటి వెతుక్కోవాలి.

మొదటి అడుగు: తేదీ

సంక్రాంతి సెలవులు అయ్యాక, జనవరి ఆఖరి వారం నుంచి ఫిబ్రవరి రెండో వారం దాకా సరైన సమయం. జూలై నుంచి వరదలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్లు, మార్చి దాటితే ఎండ. పదో తరగతి వాళ్లకు మార్చిలో పబ్లిక్ పరీక్షలు కాబట్టి వాళ్లను వదిలేయండి.

ఆ మూడు వారాల్లో కూడా తప్పించాల్సిన రోజులున్నాయి. పుష్య బహుళ అమావాస్య, అంటే చొల్లంగి అమావాస్య నాడు చొల్లంగి దారంతా స్నానాలకొచ్చే జనమే. మాఘ శుద్ధ దశమి రాత్రి అంతర్వేది కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం, ఆ ముందూ వెనకా నరసాపురం, సఖినేటిపల్లి రేవుల్లో పంటు (మనుషుల్నీ వాహనాల్నీ నది దాటించే పెద్ద పడవ) ఎక్కడమే గగనం. శివరాత్రికి కోటిపల్లి కిటకిటలాడుతుంది. పంచాంగం ముందు పెట్టుకుని తేదీ రాయండి.

మడ అడవికి వెళ్లే రోజున ఆటుపోట్లు కూడా చూడాలి. కాకినాడ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి, వాటి వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పాటు వేళ వెళితే బురద బయటపడి వేళ్లు, పీతలు, బురద మీద గెంతే చేపలు కనిపిస్తాయి. పోటు వేళ వెళితే నీళ్లే చూసి రావాలి. ఓడరేవు వేళకూ క్రీకులో (మడ అడవి మధ్య పాయలో) వేళకూ తేడా ఉంటుంది కాబట్టి పట్టిక చూసి ఊరుకోకుండా అక్కడ వేటకెళ్లేవాళ్లను అడగండి.

రెండో అడుగు: అనుమతులు, ఆరోగ్య పత్రం

హెడ్‌మాస్టరు ద్వారా జిల్లా విద్యాశాఖాధికారికి దరఖాస్తు, తల్లిదండ్రుల సంతకం, బస చేసే ఊరి పంచాయతీకీ పోలీస్ స్టేషన్‌కూ రాతపూర్వకంగా సమాచారం, కోరింగ మడ అడవి అభయారణ్యానికి అటవీ శాఖ అనుమతి. నెల ముందే మొదలుపెట్టండి.

ఆరోగ్య పత్రం మాత్రం లాంఛనంగా నింపించుకునేది కాదు. ఫిట్స్, ఉబ్బసం, అలర్జీలు, వాడుతున్న మందులు, రాత్రి పక్క తడిపే అలవాటు, ఈత వచ్చా రాదా అన్నీ అందులో ఉండాలి. అందరి ముందూ అడిగితే ఎవరూ నిజం చెప్పరు. తల్లితోనో తండ్రితోనో విడిగా మాట్లాడి రాసుకోవాలి. ఆడపిల్లల నెలసరి విషయం మేడమ్ ఒక్కరే మాట్లాడి, ప్యాడ్లు ఎక్కడున్నాయో, బాత్రూము ఎక్కడో ముందే చెప్పి పెట్టాలి. ఇది తేలక ఇంటి దగ్గరే ఆగిపోయే అమ్మాయిలు ప్రతి శిబిరంలోనూ ఉంటారు.

24 మంది పిల్లలకు పెద్దవాళ్లు ఆరుగురు కావాలి. జట్టుకొకరు చొప్పున నలుగురు, సామాను బండితో ఒకరు, మొత్తం చూసుకునేవారు ఒకరు. ఆరుగురిలో ఇద్దరైనా ఆడవాళ్లు ఉండాలి. నీటి పక్కన ఆరుగురు పిల్లలకు ఒక పెద్ద అనేది తగ్గించరాని లెక్క.

మూడో అడుగు: ముందుగా నడిచి రావడం

శిబిరానికి వారం ముందు ఇద్దరు పెద్దవాళ్లు దారంతా నడవాలి, అదీ పిల్లలు నడిచే వేళకే. ఫోనులో మ్యాపు చూసి సరిపెట్టుకుంటే ఎక్కడ గట్టు తెగి ఉందో, ఎక్కడ కొత్తగా రొయ్యల చెరువు తవ్వారో తెలియదు.

డెల్టాలో ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. రొయ్యల చెరువుల మీద ఏరియేటర్లకు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలకు) వేసిన కరెంటు తీగలు తడినేల మీద, కంచెల వెంబడి వేలాడుతుంటాయి. చెరువు గట్టు దారిని అసలు పెట్టుకోకపోవడమే మేలు. ఇసుక తవ్విన చోట నది అడుగున గోతులుంటాయి, పైకి నీళ్లు మోకాలి లోతే అనిపిస్తాయి, రెండో అడుగుకు మనిషి మునుగుతాడు. కోతకు గురైన ఒడ్డు పైన గట్టిగా కనిపించినా అడుగున డొల్ల. అందుకే శిబిరం మొత్తానికి ఒకటే నియమం: ఎవరూ నీళ్లలో దిగరు, ఈత వచ్చినవాళ్లతో సహా. ఇంకొకటి, కొబ్బరి చెట్ల కింద పక్కలు వేయొద్దు, వంట పెట్టొద్దు. నీడ బాగుంటుందని కూర్చుంటారు, కాయ పడేముందు చెప్పి పడదు.

బసకు ద్రాక్షారామం చుట్టుపక్కల ఒక స్కూలు భవనం చూసుకుంటే ధవళేశ్వరం, కోటిపల్లి, చొల్లంగి మూడూ బస్సులో రెండు గంటల లోపే. పాము కాటు మందు ఏ ఆసుపత్రిలో ఉందో స్వయంగా వెళ్లి కనుక్కుని, అక్కడికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూసుకుని రాయండి.

నాలుగో అడుగు: జట్లు, పూటలు

ఆరుగురు చొప్పున నాలుగు జట్లు. గౌతమి, వశిష్ఠ, వైనతేయ, తుల్యభాగ అని పాయల పేర్లు పెడితే పిల్లలు ఆ పేర్లు జన్మలో మరిచిపోరు. స్నేహితులంతా ఒకే జట్టులో పడకుండా చూడండి కానీ, ఒక్క తోడు కూడా లేకుండా ఎవరినీ పడేయకండి.

మూడు రోజులంటే ఉదయం, మధ్యాహ్నం కలిపి ఆరు పూటలు. జట్టులోనూ ఆరుగురే. కాబట్టి ఆరు పనులు పెట్టి పూటకొకసారి ఒక్కో స్థానం జరిపితే ప్రతి ఒక్కరూ ఒక పూట నాయకత్వం వహిస్తారు. ఆ పనులివి: పూట నాయకుడు లేదా నాయకురాలు, దారి చూసేవారు, గడియారం చూసేవారు, నీళ్లూ మందుల సంచీ మోసేవారు, తిండి చూసేవారు, అందరి వెనకా నడిచే చివరి మనిషి. చివరి మనిషిది చిన్న పని అనుకుంటారు గానీ చాలా పెద్ద పని. ఆ స్థానంలో ఉన్నవాళ్లకే ఎవరు కుంటుతున్నారో, ఎవరు నీళ్లు తాగడం లేదో ముందు కనిపిస్తుంది.

చీటీ రాసి గోడకు అంటించండి. లేకపోతే రెండో పూటకే గొంతు పెద్దదైన పిల్లవాడు నాయకుడైపోతాడు, వంట ఆడపిల్లల మీద పడుతుంది. వంతు మారకపోవడం ఇలాంటి శిబిరాల్లో అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు.

మొదటి గంటలోనే 1 నుంచి 24 దాకా నంబర్లు ఇచ్చి, వరసగా అరిచే లెక్క సాధన చేయించండి. 15 సెకన్లలో పూర్తయ్యేదాకా మళ్లీ మళ్లీ. బస్సు, పంటు, పడవ ఎక్కేముందు ఒకసారి, దిగాక ఒకసారి ఈ లెక్క జరగాలి. ఒకరి బదులు ఇంకొకరు పలికితే లెక్క ఉన్నా లేనట్టే, ఆ మాట గట్టిగా చెప్పండి.

ఐదో అడుగు: తిండి, నీళ్లు, సామాను

మొత్తం 30 మందికి పూటకు బియ్యం నాలుగున్నర కిలోలు, కందిపప్పు కిలోన్నర, కూరగాయలు నాలుగున్నర కిలోలు, నూనె 600 మి.లీ. ఉదయం ఉప్మా అయితే రవ్వ రెండుంబావు కిలోలు. నడిచే రోజు మధ్యాహ్నానికి అటుకులు, వేరుశనగ ఉండలు, మనిషికి రెండు అరటిపళ్లు. తాగడానికి మనిషికి రోజుకు నాలుగు లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు ఆరు. సముద్రానికి దగ్గరయ్యే కొద్దీ బావుల్లో ఉప్పు నీళ్లు పడతాయి, దారిలో నింపుకోవచ్చని లెక్క వేసుకోకండి.

రాత్రి వంట పిల్లలదే. నాలుగున్నర కిలోల బియ్యం ఒకే గిన్నెలో పోస్తే అడుగు మాడి పైన పలుకు మిగులుతుంది. జట్టుకొక స్టవ్వు, జట్టుకు కిలోకు కొంచెం పైన బియ్యం ఇస్తే ఉడుకుతుంది, ఎవరి అన్నానికి వాళ్లే బాధ్యులవుతారు. గ్యాసు వెలిగించేటప్పుడు, గంజి వంచేటప్పుడు పెద్దవాళ్లు పక్కన ఉండాలి.

ప్రతి ఒక్కరికీ దోమతెర తప్పనిసరి, దాని అంచు చాప కిందికి మడవాలి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లనే కాటేస్తుంది, నొప్పి అంతగా తెలియదు కూడా. మిగతావి: టార్చి, టోపీ, పొడుగు చేతుల చొక్కా, కాలి వేళ్లు కప్పే బూట్లు, రెండు లీటర్ల నీళ్ల సీసాలు, పళ్లెం, గ్లాసు. సంచి బరువు పిల్లవాడి బరువులో ఎనిమిదో వంతు దాటకూడదు. మొదటి రోజు పొద్దున కాటా మీద తూయండి.

ఆరో అడుగు: మొదటి రోజు, ధవళేశ్వరం

1847లో మొదలై 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట గురించి, దాని బదులు తర్వాత కట్టిన బ్యారేజీ గురించి మ్యూజియంలో గంట చాలు. అక్కడ వరద మట్టాలు పిల్లల చేత రాయించండి: 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 1986 ఆగస్టులో వచ్చిన వరద సుమారు 35 లక్షల క్యూసెక్కులు, 2022 జూలైలో 25 లక్షలు దాటింది. క్యూసెక్కు అంటే ఏమిటో మధ్యాహ్నం వాళ్లే కొలిచి తెలుసుకుంటారు.

కాలువ మీద వంతెన, రెయిలింగు ఉన్న చోటు చూసుకోండి. ఒడ్డు మీద 20 మీటర్లు కొలిచి రెండు గుర్తులు పెట్టండి. వంతెన మీంచి ఎండు కొబ్బరి డొక్క వేసి, మొదటి గుర్తు నుంచి రెండోదాకా ఎన్ని సెకన్లు పట్టిందో ఐదుసార్లు చూసి సగటు తీయండి. ఎవరూ మెట్లు దిగరు. వెడల్పు వంతెన మీదే కొలవవచ్చు, లోతు అక్కడి లస్కరును (కాలువ చూసుకునే ఉద్యోగిని) అడగాలి. 20 మీటర్లకు 40 సెకన్లు పడితే వేగం సెకనుకు అర మీటరు. పైన పారే నీళ్లు అడుగు నీళ్లకన్నా వేగంగా పోతాయి కాబట్టి దాన్ని 0.85తో గుణించాలి. వెడల్పు 10 మీటర్లు, సగటు లోతు ఒకటిన్నర అయితే సెకనుకు 6.4 ఘనపు మీటర్లు. ఒక ఘనపు మీటరుకు 35.3 ఘనపు అడుగులు, సెకనుకు ఒక ఘనపు అడుగు పారితే ఒక క్యూసెక్కు, అంటే దాదాపు 225 క్యూసెక్కులు. ఆ లెక్క వచ్చాక 35 లక్షలు అన్న మాట పిల్లల మొహాల్లో ఎలా దిగుతుందో చూడండి.

నాలుగు జట్లకూ నాలుగు జవాబులు వస్తాయి. ఎవరిది సరైనదో మీరు చెప్పకండి. ఎందుకు తేడా వచ్చిందో వాళ్లనే వాదించుకోనివ్వండి.

సాయంత్రం తాడు సాధన. 15 మీటర్ల నైలాన్ తాడుకు, కొద్దిగా నీళ్లు పోసి మూత బిగించిన ఐదు లీటర్ల క్యాను కట్టి, పదడుగుల అవతల నేల మీద పడుకున్న జట్టు మనిషి చేతికి అందేలా విసరాలి, తర్వాత ముప్ఫై అడుగులకు. నీళ్లలో పడినవాణ్ని కాపాడాలని దూకినవాడు కూడా మునిగిన సంగతులు ఈ జిల్లాల్లో ఏటా వింటూనే ఉన్నాం. కర్ర అందించు, తాడు విసురు, కేకవేసి పెద్దవాళ్లను పిలువు, దూకకు. ఈ నాలుగూ నోటికి వచ్చేదాకా చెప్పించండి.

ఏడో అడుగు: రెండో రోజు, రేవు, ఏటిగట్టు నడక

శిబిరానికి గుండెకాయ ఈ రోజే. కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరం వైపు దిగి, గట్టు వెంబడి ఎనిమిది కిలోమీటర్లు. పంటు నడుస్తున్నదీ లేనిదీ ముందురోజు సాయంత్రం కనుక్కోండి.

లైఫ్‌జాకెట్లు సొంతంగా తీసుకెళ్లండి, పిల్లల బరువుకు తగ్గవి. వేసి బెల్టులు బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే గడ్డం దాటి రాకూడదు. వస్తే అది పెద్ద సైజు, నీళ్లలో జాకెట్టు పైకి తేలుతుంది, పిల్లవాడు కిందికి జారతాడు. పంటు మీద వాహనాలకు దూరంగా, మధ్యలో కూర్చోవాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పుడు గోదావరిలో వరద ఉంది. వరద ఉంటే పడవ లేదు, జనం ఎక్కువైతే తర్వాతి పంటు. ఈ రెండింటిలో బేరం లేదు.

నడకలో జట్టుకు సర్వే ఆఫ్ ఇండియా మ్యాపు, దిక్సూచి ఇవ్వండి. 1:50,000 మ్యాపులో రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. డెల్టాలో కొండ గుర్తులుండవు కాబట్టి గుడి గోపురం, నీళ్ల ట్యాంకు, లాకు, తూము పట్టుకుని దారి తేల్చుకోవాలి. సాగు కాలువ పారేది మొత్తం మీద సముద్రం వైపే, కానీ సముద్రానికి దగ్గర మురుగు కాలువల్లో పోటు వేళ నీళ్లు వెనక్కి ఎక్కుతాయి. దాన్ని చూసి దిక్కు చెప్పేస్తే తప్పుతారు. 50 నిమిషాలు నడక, 10 నిమిషాలు విరామం. ఈ లెక్కన గంటకు మూడు కిలోమీటర్లు దాటదు.

నిర్ణయాలను మూడు రంగులుగా ముందే పంచుకోండి. ఎరుపు: నీళ్లు, రోడ్డు దాటడం, జబ్బు, పిడుగులు. ఇవి పెద్దవాళ్లవే. పసుపు: దారి మార్చడం, ఎక్కువసేపు ఆగడం, జట్టును రెండుగా విడదీయడం. నాయకుడు కారణం చెప్పి ముందుకెళ్లవచ్చు. ఆకుపచ్చ: ఎవరు ముందు నడవాలి, ఎప్పుడు తినాలి, ఎవరి సంచి ఎవరు మోయాలి. అడగనక్కర్లేదు.

ఇక పెద్దవాళ్ల పని నోరు కట్టుకుని వెనక నడవడం. అన్నిటికన్నా కష్టమైన పని ఇదే. జట్టు తప్పు దారి పట్టిందని తెలుస్తూనే ఉంటుంది. ఆ దారిలో ప్రమాదం లేకపోతే ఒక కిలోమీటరు దాకా పోనివ్వండి. కిలోమీటరు దాటాక, ‘అక్కా, ఆ గోపురం మనకు ఎటువైపు ఉండాలంటావ్?’ అని జట్టులో ఒకరు అడిగితే ఆ రోజు పాఠం అయినట్టే. ఎవరూ అడగకపోతే, మ్యాపు తీసి చూడమని మాత్రం చెప్పండి. ‘చెప్పాను కదరా’ అన్న మాట మాస్టారి నోట వస్తే, తర్వాతి పూట నాయకులందరూ నిర్ణయం తీసుకోవడం మానేసి మీ మొహం చూస్తారు.

మధ్యాహ్నం ఊళ్లో పెద్దవాళ్లతో మాటలు. 1996 నవంబరు 6 తుఫాను కోనసీమలో చూసినవాళ్లు ఊరూరా ఉన్నారు. పంచాయతీ ద్వారా ముందే అడిగి, మాట్లాడటానికి ఇష్టపడినవాళ్ల దగ్గరికే వెళ్లాలి. ప్రశ్నలు మూడే: ఆ రాత్రి ఎక్కడ తలదాచుకున్నారు? ముందు హెచ్చరిక ఎలా తెలిసింది? ఇప్పుడైతే ఏం చేస్తారు? ఎంతమంది పోయారని పిల్లలు అడగకూడదు. వాళ్లంతట వాళ్లు చెబితే వినాలి, కలం కింద పెట్టాలి.

ఎనిమిదో అడుగు: మూడో రోజు, కోరింగ

చొల్లంగి వైపు నుంచి చెక్క వంతెన దారి ఉంది. పిల్లల్ని మౌనంగా పది నిమిషాలు నిలబెట్టి తర్వాత మాట్లాడించండి. మడ చెట్టు బురదలోంచి పైకి పెన్సిళ్లలా పంపే ఊపిరి వేళ్లు, ఉప్పుపొన్న జాతి చెట్లు నేలకు దించే ఊత వేళ్లు: ఈ రెండింటినీ బొమ్మ గీయించండి. గాలి ఆడని బురదలో చెట్టు ఎలా బతుకుతుందో బొమ్మే చెబుతుంది. తిల్ల చెట్టు ఆకు తుంచితే కారే పాలు కంట్లో పడితే ప్రమాదం, అందుకే ఏ ఆకూ తుంచవద్దు. 1789లో, 1839లో తుఫాను ఉప్పెనలు కోరింగ రేవు పట్టణాన్ని దెబ్బతీశాయి. ముందురోజు విన్న మాటల్ని ఇక్కడ నిలబడి చదివిస్తే చెట్టుకూ ఊరికీ ఉన్న సంబంధం వేరే చెప్పనక్కర్లేదు.

రోజూ సాయంత్రం 40 నిమిషాలు

గుండ్రంగా కూర్చోవాలి. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, రేపు ఏం మారుస్తాం అన్న వరసలోనే సాగాలి. పూట నాయకులు ముందు, జట్టు తర్వాత, పెద్దవాళ్లు చివర. ‘వాడు బద్ధకస్తుడు’ అనకూడదు, ‘రెండో విరామంలో నీళ్ల సంచి ఎత్తలేదు’ అనాలి. మొదటి రోజు పొగడ్తలే వస్తాయి, దాన్ని పట్టించుకోకండి. రెండో రోజు ఎవరికైనా కోపం వస్తుంది, నిజమైన మాట అప్పుడే మొదలవుతుంది. ఏడ్చిన పిల్లను అక్కడే ఓదార్చబోయి అందరి ముందూ నిలబెట్టకండి, తర్వాత పక్కన కూర్చోండి.

ఏదైనా జరిగితే

పాము కరిస్తే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం, పసరు పూయడం ఏవీ వద్దు. కదలకుండా పడుకోబెట్టి, ఉంగరాలు, గాజులు తీసి, కరిచిన కాలికో చేతికో బద్ద కట్టి, వేళ రాసుకుని 108కి ఫోన్ చేయండి. ముందే చూసి పెట్టుకున్న ఆసుపత్రికి బండిలో వెంటనే బయలుదేరగలిగితే ఆగకండి. విరేచనాలకు, ఎండకు వచ్చే నీరసానికి లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచా తలగొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే మేలు బదులు కీడు. కాలి బొబ్బను సూదితో పొడవనివ్వకండి, ఎర్రబడ్డప్పుడే టేపు వేయండి.

తిరిగొచ్చాక

బస్సు దిగిన రెండు వారాల్లో ప్రతి జట్టూ ఊరికి పనికొచ్చే ఒక పని పూర్తి చేయాలి. ఊరి వరద మ్యాపు స్కూలు గోడ మీద గీయడం, తుఫాను షెల్టరుకు ఏ వీధి నుంచి ఎన్ని నిమిషాలో నడిచి రాయడం, కాలువ గట్టు మీద ప్లాస్టిక్ ఏరి తూయడం లాంటివి ఏవైనా. పని, ఖర్చు, పంపకం వాళ్లే రాసుకోవాలి. తల్లిదండ్రుల సమావేశంలో లెక్క అప్పజెప్పేది కూడా వాళ్లే, అదీ శిబిరంలో అందరికన్నా తక్కువ మాట్లాడిన పిల్ల చేత మొదలుపెట్టించండి.